ఇరవై ఏడో లైను సంరక్షణ

తుప్పు నివారణ అధ్యయన సంస్థ భవనానికి నాలుగు అంతస్తులూ, ఎనభై ఎనిమిది మెట్లూ, ఒక లిఫ్టు గుంతా ఉన్నాయి. లిఫ్టు లేదు. భవనం కట్టిన కాలంలో గుంత ఒక శాఖ పరిధిలోకీ, లిఫ్టు మరొక శాఖ పరిధిలోకీ వచ్చాయి. మొదటి శాఖ తన కర్తవ్యాన్ని నెరవేర్చింది. రెండవ శాఖ ఇంకా ఆలోచిస్తున్నది. సముద్రం కూతవేటు దూరంలో ఉంది. ఉప్పుగాలి సంస్థవారి ఇనుప గేటును సగం తినేసింది. మిగిలిన సగం మీద సంస్థ పేరు ఉంది.

లిఫ్టు గుంతను వినియోగంలోకి తెచ్చిన ఘనత నాలుగో అంతస్తులోని రికార్డు గదికి అధికారిణి అయిన నూకరత్నం గారిది. కింద ఎవరికి ఏ ఫైలు కావలసినా ఇరవై ఏడో నంబరుకు ఫోను చేసేవారు. ఆవిడ ఫైలు వెతికి, వెదురుబుట్టలో పెట్టి, తాడు కట్టి గుంతలోకి వదిలేవారు. ఫైలు గాలిలో తేలుతూ దిగి, నేల అంతస్తులో డైరెక్టరు గారి గది పక్కన తలుపు లేని ద్వారం దగ్గర ఆగేది. పని తీరిన ఫైళ్లను శనివారంనాడు ఒక కూలీ పైకి మోసుకొచ్చేవాడు. ఈ ఏర్పాటు పదకొండేళ్లు నిరాటంకంగా సాగింది. కారణం, దీని గురించి ఎవరూ సమావేశం పెట్టకపోవడమే.

ఆ యేడు వేసవి చివర ఇరవై ఏడో నంబరు ఫోను మూగబోయింది. సెల్‌ఫోను ఆ జిల్లా దాకా ఇంకా రాని కాలం. డైరెక్టరు గారి బల్ల కింద ఒక మీట ఉంది. నొక్కితే నాలుగో అంతస్తులో గంట మోగుతుంది. గంట రమ్మనగలదు గాని, ఏ ఫైలో చెప్పలేదు. అందువల్ల గంట మోగినప్పుడల్లా నూకరత్నం గారు ఎనభై ఎనిమిది మెట్లు దిగి, ఫైలు నంబరు కనుక్కుని, ఎనభై ఎనిమిది మెట్లు ఎక్కి, ఫైలు తీసి, బుట్టలో దింపవలసి వచ్చింది. ఆవిడ పదవీ విరమణకు పద్నాలుగు నెలలున్నాయి. మోకాళ్లు అంతకు రెండేళ్ల ముందే విరమించుకున్నాయి.

ఫైలు నంబరు చీటీ మీద రాసి బుట్టలో పైకి పంపవచ్చు గదా అని సంస్థ వైర్‌మాన్ భానోజీ అడిగాడు. పరిపాలనాధికారి కుటుంబయ్య గారు రిజిస్టరు తెప్పించి చూశారు.

"సదరు బుట్ట అవరోహణ సాధనంగా నమోదై ఉన్నది. ఆరోహణ సమయమున అది రిక్తముగా ఉండవలెను" అన్నారాయన.

"కాళీగా ఎల్లాలన్నమాట."

"అన్నమాట కాదు, నిబంధన."

భానోజీ ఆ సంస్థలో పంతొమ్మిదేళ్లుగా తీగలు లాగుతున్నాడు. ఉద్యోగంలో చేరిన మొదటి రోజున మెట్ల మీద కళ్లు తిరిగి కూర్చుంటే మజ్జిగ తాగించినావిడ నూకరత్నం గారు. నాటి నుంచీ ఆవిడ అతనికి రత్నమప్ప. ఆ రోజు ఆవిడ మెట్ల చివర కమ్మీ పట్టుకుని నిలబడి ఉండగా అతను ఎదురయ్యాడు.

"ఏటప్పా, పొద్దుట్నుంచీ ఇది ఎన్నోసారి?"

"నాలుగోదిరా. నాను లెక్కెట్టడం మానీసినాను. మోకాళ్లే లెక్కెడతన్నాయి."

"టెస్టరు రానీ అప్పా. ఒక్క పూట. ఒక్క పూటలో నీ ఫోను మోగించీకపోతే నన్నడుగు."

"మాటిచ్చీసినావు మరి. నాకు మరుపు లేదు, నీకు తెలుసు. నాలుగువేల ఫైళ్లు గుర్తు నాకు."

టెస్టరు అంటే చేతిలో ఇమిడే రిసీవరు. కింద రెండు తీగలు, వాటి చివర పళ్లున్న క్లిప్పులు. ప్రతి అంతస్తులోనూ గోడకు ఒక తీగల పెట్టె ఉంటుంది. క్లిప్పుల్ని ఆ పెట్టెలో తగిలించి రిసీవరు చెవిలో పెట్టుకుంటే, లైను బతికుంటే మోత వినిపిస్తుంది, చచ్చిపోతే వినిపించదు. మూడో అంతస్తులో వినిపించి నాలుగో అంతస్తులో వినిపించకపోతే, రోగం ఆ రెండింటికీ నడుమ ఉన్నట్టు. ఇందులో ఇంతకు మించిన శాస్త్రమేమీ లేదు. భానోజీ దగ్గరున్న పాతది నెల కిందట నిచ్చెన మీంచి జారి పడి రెండు ముక్కలైంది.

అతను తెల్లకాగితం మీద ఒకే వాక్యం రాసి ఇచ్చాడు: "ఇరవై ఏడో నంబరు లైను పనిచేయడం లేదు, బాగుచేయుటకు ఒక టెస్టరు ఇప్పించగలరు." కాగితం కదిలేలోగా ఖాళీగా కూర్చోవడం ఎందుకని, పారేసిన పాత నల్ల ఫోను రిసీవరుకు రెండు క్లిప్పులు బిగించి సొంతంగా ఒక టెస్టరు తయారు చేసుకున్నాడు. దానితో కింది పెట్టె తెరిచి చెవిలో పెట్టుకునేసరికి వెనకనుంచి కుటుంబయ్య గారు వచ్చారు.

"ఏమిటది?"

"టెస్టరండి. నానే కట్టుకున్నాను. భేషుగ్గా పనిసేస్తంది, ఇనండి."

కుటుంబయ్య గారు వినలేదు. చూశారు. సంస్థలో అరవై నాలుగు ఫోన్లున్నట్టు రిజిస్టరు చెబుతున్నది. ఇది అరవై అయిదోది. నమోదు లేని దూరవాణి పరికరము ప్రభుత్వ ప్రాంగణమునందు కనబడినది గనుక, సదరు పరికరాన్ని గుడ్డలో చుట్టి, లక్కముద్ర వేసి, వస్తుసాక్ష్యంగా రికార్డు గదికి పంపించారు. మోసుకెళ్లే బాధ్యత భానోజీకే అప్పగించారు. అతను ఎనభై ఎనిమిది మెట్లు ఎక్కి తన చేతిపనిని తానే నూకరత్నం గారికి ఒప్పజెప్పాడు. ఆవిడ నంబరు వేసి, రసీదు ఇచ్చి, బీరువాలో పెట్టి తాళం వేశారు. ముప్ఫై ఒక్క సంవత్సరాల ఉద్యోగంలో ఆ బీరువాలోంచి చీటీ లేకుండా గుండుసూది బయటికి పోలేదు. భానోజీ అడగలేదు. అడిగితే ఆవిడ కాదనవలసి వస్తుంది. అది ఇద్దరికీ కష్టం.

అతని ఒకే వాక్యం డైరెక్టరు సదాశివ పట్నాయక్ గారి బల్ల మీదికి చేరేసరికి ముప్ఫై నాలుగు పేజీలైంది. పట్నాయక్ గారు సౌమ్యులు. ఎవరినీ నొప్పించరు. నొప్పించకుండా ఉండేందుకు ఆయనకు తెలిసిన ఏకైక మార్గం సంఘం వేయడం. తొమ్మిదిమంది సభ్యులతో హస్తగత దూరవాణీ తంత్రీ పరీక్షక సాధన ఎంపిక సంఘం ఏర్పడింది. కుటుంబయ్య గారు కార్యదర్శి. భానోజీ సాంకేతిక సాక్షి. సాక్షికి కుర్చీ లేదు.

"మనకు ఎటువంటి సాధనము కావలెను?" అని కుటుంబయ్య గారు మొదటి సమావేశంలో ప్రారంభించారు.

"రెండు క్లిప్పులుండి, మోత ఇనిపిస్తే సాలండి" అన్నాడు భానోజీ.

"అది సామాన్యుని దృక్పథము. పూర్వపు సాధనము ఏ కారణమున నశించినది?"

"నిచ్చిన మీంచి పడిపోనాదండి."

"ఎంత ఎత్తు?"

"ఎనిమిదడుగులుంటదేమో."

సభ్యులు ఒకరినొకరు చూసుకున్నారు. ఎనిమిది అడుగుల నిచ్చెన ఉన్న భవనంలోనే నాలుగు అంతస్తుల ఎత్తు కూడా ఉన్నదనీ, పతనానికి గల సంభావ్యతను దాని గరిష్ఠ పరిమితి వద్ద పరిగణించడమే వివేకమనీ సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. నాలుగు కంపెనీల నమూనాలు తెప్పించారు. ఒకదానిని నాలుగో అంతస్తు నుంచి లిఫ్టు గుంతలోకి విడిచారు. తొమ్మిదిమందీ కింద ద్వారం దగ్గర చెవులొగ్గి నిలబడ్డారు. దబ్బుమన్న చప్పుడు తర్వాత, గుంత అడుగునుంచి సన్నగా బీప్ బీప్ అని వినిపించింది.

"బతికే ఉందండి!" అన్నాడు భానోజీ. అతనికి నిజంగానే సంతోషం కలిగింది.

"దాని సంఖ్యను గమనించి, పైకి తీసి, ఆమోదించవలెను" అన్నారు పట్నాయక్ గారు, ఆయనకూ సంతోషంగానే ఉంది.

గుంతకు మెట్లు లేవు. దాని అడుగు నేల అంతస్తుకు పదడుగుల లోతున ఉంది. పైకి తీయడానికి ఉన్న ఏకైక ఉపాయం నూకరత్నం గారి బుట్ట. బుట్ట అవరోహణ సాధనం. అది ఆరోహణ సమయంలో రిక్తంగా ఉండాలి. భానోజీ నిచ్చెన తెస్తానన్నాడు. నిచ్చెన మీద విచారణ జరుగుతున్నదని జవాబు వచ్చింది. పరీక్షలో నెగ్గిన ఆ నమూనా పదకొండు రోజులు గుంతలో బీప్ బీప్ అని, పన్నెండో రోజున మానేసింది. అలసట ప్రదర్శించినందుకు దానిని తిరస్కరించారు.

ఆ పదకొండు రోజుల్లో నూకరత్నం గారు ముప్ఫై ఎనిమిది సార్లు దిగి ముప్ఫై ఎనిమిది సార్లు ఎక్కారు. భానోజీ ఆ అంకెను నోటుపుస్తకం వెనక అట్ట మీద గీతలు గీసి ఉంచుకున్నాడు. మాట ఇచ్చినవాడికి లెక్క తెలిసి ఉండాలని అతని అభిప్రాయం.

మిగిలిన మూడు నమూనాలకు అ, ఆ, ఇ అని పేర్లు పెట్టారు. ఇక వాటిని లైనుకు తగిలించి చూడడమే తరువాయి అని భానోజీ అనుకున్నాడు. రెండో సమావేశంలో కుటుంబయ్య గారు లేచారు.

"ఏ లైనుకు?"

"ఏదైనా మంచి లైనుకండి."

"మంచి లైను అని నిర్ధారించినదెవరు?"

"పనిసేస్తంది గదండీ. మాట్లాడతన్నారు గదా."

"మాట్లాడుట వేరు, నిర్ధారణ వేరు. ఆమోదించబడిన సాధనముతో పరీక్షింపబడని లైనును మంచిదని చెప్పుటకు వీలు లేదు. మంచి లైనుపై పరీక్షింపబడని సాధనమును ఆమోదించుటకు వీలు లేదు. సంఘము ఆలోచించవలెను."

సంఘము మూడు వారాలు ఆలోచించింది. తొమ్మిదిమంది విద్యాధికులు ఒక వలయంలో ప్రవేశించి, మర్యాదగా ఒకరి వెనక ఒకరు నడిచారు. చివరికి పట్నాయక్ గారే మార్గం చూపారు, అదీ తనకు తెలియకుండానే. నా ఫోను ఎప్పుడూ బాగానే ఉంటుంది గదా అని ఆయన మాటవరసకు అన్నారు. కుటుంబయ్య గారి ముఖం వెలిగిపోయింది.

"సంచాలకులవారి లైను లోపభూయిష్టమని భావించుటయే క్రమశిక్షణా రాహిత్యము. కావున ఒకటో నంబరు లైను, పదవీ ప్రాతిపదికపై, ప్రామాణిక నిర్దోష లైనుగా ప్రకటించబడవలెను. అటులనే పరీక్ష సమగ్రమగుటకు ప్రామాణిక సదోష లైను ఒకటి ఆవశ్యకము. మంచి లైనుపై మోత వినిపించుట ఎంత ముఖ్యమో, చెడు లైనుపై వినిపించకుండుట అంతే ముఖ్యము. చెడినదని లిఖితపూర్వక సాక్ష్యమున్న లైను సంస్థలో ఒక్కటే ఉన్నది."

ఆయన ఫైలులోంచి భానోజీ ఒకే వాక్యాన్ని పైకెత్తి చూపించారు.

భానోజీ ఒక అడుగు ముందుకు వేశాడు. "సార్, అది బాగుసెయ్యడానికి గదా టెస్టరు అడిగినాను!"

"బాగుచేసినచో ప్రమాణము నశించును."

"అయితే నా కాయితం నాకిచ్చీండి సార్. లైను బాగానే ఉంది. నానే పొరబడ్డాను. నా సెవులు సరిగ్గా లేవు."

"సాక్షి పరస్పర విరుద్ధముగా పలుకుచున్నాడు" అని కుటుంబయ్య గారు రాసుకున్నారు. ఆ సాయంత్రమే భానోజీకి మెమో అందింది. ఇరవై ఏడో లైను లోపమును తాకుట, తొలగించుట, తగ్గించుట శిక్షార్హమని అందులో ఉంది. లోపం ఎక్కడుందో ఎవరికీ తెలియదు గనుక, ఎక్కడ తాకకూడదో కూడా తెలియదు. అందుచేత నేల అంతస్తులోని తీగల పెట్టె చుట్టూ కర్రల కంచె వేసి, ఒక కాపలాదారుని నియమించి, "ఇచ్చట లోపము సంరక్షించబడుచున్నది" అని ఇనుప పలక వేలాడదీశారు. రెండు వారాల్లో ఆ పలకకు తుప్పు పట్టింది. అది సంస్థ అధ్యయన పరిధిలోని విషయం కనుక ఎవరూ తుడవలేదు.

నిర్దోష లైనుకు కూడా సంరక్షణ తప్పలేదు. వాడితే అరుగుతుంది గనుక డైరెక్టరు గారి ఫోను మీద మెరూన్ రంగు ముఖమల్ గుడ్డ కప్పారు. ఆయన ఎవరికీ ఫోను చేయకూడదు. ఎవరూ ఆయనకు చేయకూడదు. తొలి వారం పట్నాయక్ గారు ఆ నిశ్శబ్దాన్ని ఆస్వాదించారు. రెండో వారం కిటికీ దగ్గర నిలబడి సముద్రాన్ని చూశారు. మూడో వారంనుంచి ఊసుపోక గంట మీట ఎక్కువగా నొక్కసాగారు. భానోజీ నోటుపుస్తకం అట్ట మీద గీతలకు చోటు చాలలేదు.

ఇంతలో నిర్దోష లైను మోత ఏ శ్రుతిలో ఉండవలెనన్న ప్రశ్న తలెత్తింది. ఊళ్లోని వయొలిన్ మాస్టారును నిపుణులుగా ఆహ్వానించారు. ఆయన ముఖమల్ గుడ్డ కొస ఎత్తి, రిసీవరు చెవిలో పెట్టుకుని, కళ్లు మూసుకుని చాలాసేపు విన్నారు.

"పంచమం కొంచెం దిగింది" అన్నారు.

"అసంభవము" అన్నారు కుటుంబయ్య గారు. "అది ప్రామాణిక లైను. మీ వయొలిన్‌ను పరీక్షించుకొనుడు."

మాస్టారు వయొలిన్ పెట్టె మూసుకుని వెళ్లిపోయారు. గేటు దగ్గర భానోజీ ఎదురైతే ఆగి అడిగారు. "నాయనా, లోపలున్నవాళ్లు రోజూ ఇక్కడికే వస్తారా?"

"రోజూనండి. పదింటికల్లా."

"పాపం" అన్నారు మాస్టారు.

శ్రావణమాసం మధ్యలో ఒకరోజు నూకరత్నం గారు ఫైలు నంబరు కనుక్కుని పైకి వెళ్తూ అరవై ఒకటో మెట్టు మీద కూర్చుండిపోయారు. మోకాలు మడత పడలేదు, చాపుకోలేదు. కింద గంట మీట మళ్లీ నొక్కినట్టున్నారు; పైన, ఎవరూ లేని గదిలో, గంట మోగుతూనే ఉంది. భానోజీ పరిగెత్తుకెళ్లాడు.

"లెగలేవా అప్పా?"

"లెగుస్తాను. కాసేపు కూకోనీ." ఆవిడ చెమట తుడుచుకున్నారు. "ఒక్క పూటన్నావు."

భానోజీ తల దించుకున్నాడు. మెమో జేబులో ఉంది. అందిన రోజునుంచీ అక్కడే ఉంది. "టెస్టరు లేకపోతే నాను గుడ్డోణ్ణప్పా. నాలుగంతస్తుల తీగ. ఎక్కడని సూడను?"

నూకరత్నం గారు కాసేపు గోడకేసి చూస్తూ కూర్చున్నారు. ఆ చూపు భానోజీ ఎరుగును. ఫైలు ఏ అరలో ఉందో గుర్తు తెచ్చుకునేటప్పుడు ఆవిడ అలాగే చూస్తారు.

"ఒరే, మనది ఏ సంస్థ?"

"తుప్పు నివారణ."

"లోహపు వస్తువేదైనా రికార్డు గదిలో ఉంటే మూడు నెలలకోసారి ఏం సెయ్యాలి?"

భానోజీకి తెలియదు.

"తుప్పు తీయించాలి. నలభై రెండో నిబంధన. నీ వస్తువు వచ్చి నిన్నటికి మూడు నెలలు. దాని క్లిప్పులు ఇనపవి. ఉప్పుగాలి తగుల్తన్నాది. తుప్పు తీయించకపోతే నామీద యాక్షను తీసుకుంటారు గదా."

"మరి ఎవరు తీస్తారప్పా?"

"తగిన సాంకేతిక సిబ్బంది" అన్నారు నూకరత్నం గారు, అతని భుజం పట్టుకుని లేస్తూ.

ఆవిడ పైకి వెళ్లి చీటీ రాశారు. వస్తువు: అనధికార దూరవాణి, ఒకటి. పుచ్చుకొనువారు: భానోజీ, వైర్‌మాన్. ప్రయోజనము: తుప్పు తొలగింపు. గడువు: రెండు గంటలు. లక్కముద్ర తానే పగలగొట్టి, తేదీ వేసి, సంతకం తీసుకుని, గుడ్డ విప్పి ఇచ్చారు.

మధ్యాహ్నం భోజనాల వేళ. లోపం కాపలాదారు ఇంటికి వెళ్లాడు. అతను ఉన్నా ఫరవాలేదు; భానోజీ కంచె దగ్గరికి వెళ్లనే లేదు. అతను నాలుగో అంతస్తు పెట్టె తెరిచి క్లిప్పులు తగిలించాడు. చప్పుడు లేదు. మూడో అంతస్తుకు దిగి తగిలించాడు. రిసీవరులో మోత, నిండుగా, మూడు నెలలుగా ఎవరూ పలకరించని మనిషి గొంతు సవరించుకున్నట్టు. అతనికి నవ్వొచ్చింది. రోగం ఈ రెండు పెట్టెల నడుమే ఉంది. మూడో అంతస్తు దాటాక మలుపులో, సముద్రం వైపు కిటికీ పక్కన, రాగి తీగకు ఒక అతుకు ఉంది. అతుకు నిండా పచ్చటి చిలుము.

సంస్థ పరిధి తుప్పు వరకే. చిలుము విషయం దాని నియమావళిలో లేదు. భానోజీ చాకుతో చిలుము గీకి, తీగ తాజాగా మెలివేసి, టేపు చుట్టాడు. నాలుగు నిమిషాలు పట్టింది. మిగిలిన సమయంలో, చీటీలో రాసిన ప్రకారం, క్లిప్పుల తుప్పు తీశాడు.

పైన నూకరత్నం గారు ఫోను ఎత్తి చెవిలో పెట్టుకున్నారు. రిసీవరు కింద పెట్టి, మళ్లీ ఎత్తి, మళ్లీ విని, కొంగుతో దాని మీది దుమ్ము తుడిచారు.

"ఎవరికీ సెప్పకు" అన్నాడు భానోజీ.

"ఎలా సెప్తాను? అది సెడిపోయింది గదా" అన్నారావిడ.

ఆ తరువాతి సోమవారం తుది పరీక్ష. అ, ఆ, ఇ నమూనాలు మూడూ ఒకటో లైను మీద చక్కగా మోత వినిపించి నెగ్గాయి. సంఘం కర్రల కంచె లోపలికి ప్రవేశించింది. సదోష లైను మీద మౌనం వినిపించవలసి ఉంది. భానోజీ అ నమూనాను ఇరవై ఏడో లైనుకు తగిలించి కుటుంబయ్య గారికి అందించాడు. మెమో జేబులోనే ఉంది.

కుటుంబయ్య గారు విన్నారు. కనుబొమలు ముడిపడ్డాయి.

"మోత వినబడుచున్నది."

భానోజీ ఊపిరి బిగబట్టాడు.

"చెడిపోయిన లైనుపై మోత వినిపించినది. నమూనా అ లోపభూయిష్టము. తిరస్కరించడమైనది."

భానోజీ ఊపిరి వదిలాడు. పంతొమ్మిదేళ్ల సర్వీసులో పై అధికారి తెలివి మీద అతనికి ఇంతటి కృతజ్ఞత ఎన్నడూ కలగలేదు. రెండోదైన ‘ఆ’ నమూనాకూ అదే గతి పట్టింది. ఇ నమూనాను పట్నాయక్ గారు స్వయంగా చెవిలో పెట్టుకున్నారు. చాలా రోజులైంది ఆయన చెవికి రిసీవరు తగిలి. సరిగ్గా అదే నిమిషంలో, నాలుగో అంతస్తులో, అలవాటుగా దుమ్ము తుడుస్తూ నూకరత్నం గారు ఫోను ఎత్తారు. ఎవరో ఊపిరి పీలుస్తున్న చప్పుడు వినిపించింది.

"రికార్డు రూమండి. ఏ ఫైలు కావాలండి?"

పట్నాయక్ గారు చుట్టూ చూశారు. సభ్యులందరూ ఆయన్నే చూస్తున్నారు. ఆయన గొంతు సవరించుకున్నారు.

"అమ్మా, ఈ లైను చెడిపోయి ఉన్నది. మీ మాట నాకు వినబడే అవకాశము లేదు."

"అలాగాండి. నాకు మీ మాట బాగానే వినిపిస్తోందండి."

"అది మీ వైపు లోపము."

"చిత్తం. రాసి పెట్టుకుంటాను."

ఆయన రిసీవరును చెవినుంచి తీసి, రెండు క్షణాలు దానివైపు చూసి, కొంచెం అయిష్టంగానే కుటుంబయ్య గారికి అందించారు. "ఈ సాధనము" అన్నారు మెల్లగా, "లేని మనుషుల మాటలు కూడా వినిపించుచున్నది." నమూనా ఇ అతి తీవ్రమైన లోపంతో తిరస్కరణకు గురైంది. మూడు కంపెనీలనూ మందలిస్తూ లేఖలు వెళ్లాయి. సదోష లైను ఇంతటి కఠిన పరీక్షలో సాధనాల గుట్టు రట్టు చేసినందుకు, ప్రమాణంగా దాని శ్రేష్ఠతను సంఘం ప్రశంసించి, కంచెకు రంగు వేయించింది. కొత్త నమూనాలు పిలవాలని తీర్మానమైంది.

మర్నాడు పదకొండు గంటలకు డైరెక్టరు గారు గంట మీట నొక్కారు. పైన నూకరత్నం గారు కుర్చీలోంచి లేవలేదు. చేయి చాపి, ఫోను ఎత్తి, ఒకటి నొక్కారు.

ముఖమల్ గుడ్డ కింద ప్రామాణిక నిర్దోష లైను మోగింది. పట్నాయక్ గారు ఉలిక్కిపడ్డారు. వెళ్లి గది తలుపు దగ్గరగా వేశారు. గుడ్డ కొస ఎత్తి, లోపలికి చేయి పోనిచ్చి, రిసీవరు తీశారు.

"ఎవరూ?" అన్నారు గుసగుసగా.

"చెడిపోయిన లైను నుంచి మాట్లాడుతున్నానండి. గంట కొట్టారు. ఏ ఫైలండి?"

ఆయన ఒకసారి తలుపువైపు చూశారు. తర్వాత నంబరు చెప్పారు. ఆ తర్వాత, పెట్టేయబోయి, "మోకాళ్లు ఎలా ఉన్నాయమ్మా?" అని అడిగారు. ఆమెకు మోకాళ్లున్న సంగతి ఆయనకు తెలుసునని నూకరత్నం గారికి అంతవరకు తెలియదు.

"మీ దయవల్ల విశ్రాంతిగా ఉన్నాయండి."

"ఈ సంభాషణ జరగలేదు సుమా."

"ఎలా జరుగుతుందండీ, లైనే లేదు గదా."

బుట్ట గుంతలోకి దిగింది.

భానోజీ నోటుపుస్తకం అట్ట మీద గీతలు ఆ రోజుతో ఆగిపోయాయి. మెమో అతని జేబులోంచి పనిముట్ల పెట్టెలోకి వెళ్లింది. అనధికార దూరవాణికి ఉప్పుగాలి వల్ల తుప్పు విపరీతంగా పడుతున్నదని రికార్డు గది నివేదిక పంపడంతో, దాని తుప్పు తొలగింపు మూడు నెలలకోసారి నుంచి వారానికి రెండుసార్లుగా మారింది. ఆ రెండు రోజుల్లోనే సంస్థలో మిగతా ఫోన్లు కూడా వాటంతట అవే బాగుపడడం ఎవరూ గమనించలేదు.

ఎంపిక సంఘం గురువారాలు సమావేశమవుతూనే ఉండేది. మూడు నెలలకోసారి మాత్రం డైరెక్టరు గారు తలుపు దగ్గరగా వేసి, ముఖమల్ గుడ్డ ఎత్తి, నూకరత్నం గారిని ప్రత్యేకంగా ఒక ఫైలు అడిగేవారు. ఇరవై ఏడో నంబరు లైను పూర్తిగా చెడిపోయి, సక్రమంగా సంరక్షించబడుచున్నదని ధ్రువీకరించే ఫైలు అది. ఆవిడ దానిని బుట్టలో దింపేవారు. ఆయన సంతకం చేసేవారు.